వేసవి చదువు వేసవిలో దొరకదు

గడచిన మే నెలలో హోసూరు నుండి ఒక తండ్రి నన్ను కలిశారు. వారి అమ్మాయి పదకొండవ తరగతి ముగించింది. సెలవులలో కళాశాల స్థాయి భౌతికశాస్త్రం చదవాలని ఆమె కోరిక. “ఎక్కడ చేర్పించాలి వకీలుగారూ?” అని అడిగారు. దారి ఉంది, గడువే దాటిపోయింది.

ముంబైలోని హోమీ భాభా విజ్ఞానశాస్త్ర విద్యా కేంద్రం వేసవిలో ఫిజిక్స్ ఒలింపియాడ్ శిబిరం నడుపుతుంది. దానికి తొలి వడపోత పరీక్ష ఎన్నో నెలల ముందే ముగుస్తుంది. ఐఐటీలు, బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ 2003లో చేపట్టిన ఎన్‌పీటెల్ కోర్సులు ప్రధానంగా జనవరిలోను, జూలైలోను మొదలవుతాయి. మే నెలలో మిగిలేవి పాత ఉపన్యాసాలు. అవి ఉచితం, కొన్నింటి పాఠాలకు తెలుగు అనువాదాలూ ఉన్నాయి. ఈ సంగతి మన ఇళ్ళకు చేరవేసినవారెవరు?

కోచింగ్ కేంద్రాల కరపత్రాలు మాత్రం వేళ తప్పక గుమ్మంలో వాలతాయి. ప్రవేశపరీక్ష శిక్షణనే భౌతికశాస్త్రమని నమ్మి వేలకు వేలు ధారపోస్తున్నాము. నాలుగు జవాబులలో ఒకదానిని క్షణాలలో గుర్తించడం శిక్షణ. లోలకపు ఆవర్తనకాల సూత్రం ఎలా వచ్చిందో కలనగణితంతో రాబట్టి, దారానికి రాయి కట్టి గడియారంతో సరిచూసుకోవడం చదువు. ఆ అమ్మాయి అడిగినది రెండవది.

రాజ్యాంగంలోని 350-ఎ అధికరణం మాతృభాషా బోధనను ప్రాథమిక దశ వరకే ప్రస్తావించింది, నిజమే. కాని ఒక ప్రకటనను అల్పసంఖ్యాకుల భాషలో అచ్చువేయడానికి ఏ అధికరణం అడ్డు వచ్చింది? ప్రజాధనంతో నడిచే కళాశాలల ప్రయోగశాలలకు మే నెలంతా తాళాలు ఎందుకు? పక్క బడిలోని పిల్లలకు రెండు వారాలు తెరిస్తే వచ్చే నష్టమేమిటి? జిల్లా విద్యాధికారులను వినతిపత్రాలతో నిలదీయవలసిన ప్రశ్నలివి.

మన తప్పూ ఉంది. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ డిగ్రీ భౌతికశాస్త్రాన్ని తెలుగులో అచ్చువేసింది. ఇంట తెలుగు అక్షరం నేర్పని మనకు ఆ పుస్తకం ఉండీ లేనట్టే.

తల్లిదండ్రులారా! వచ్చే వేసవి కోసం ఈ వర్షాకాలంలోనే అడగండి. బోధించేదెవరు, ప్రయోగశాల ఉందా, ఎంత గణితం కావాలి, గడువు ఎప్పుడు? ఈ నాలుగూ తేలనిదే పైసా కట్టకండి. మరో ఆడపిల్ల వేసవిని గడువు తెలియక పోగొట్టుకోనివ్వకండి.