11 నెలల అగ్రిమెంట్‌లో కాసే చెట్టేది?

అమీర్‌పేట మెట్రో దిగి మైత్రీవనం వైపు నడిస్తే బోర్డులన్నీ ఒకటే మాట చెప్తాయి. 45 రోజుల్లో ఈ కోర్సు, 60 రోజుల్లో ఆ కోర్సు. పేరులో వనం ఉంది గానీ, చెట్టు కోసం వెతుక్కోవాలి. 2019 జూన్‌లో జగిత్యాల నుంచి ఒక బ్యాగు, మెకానికల్ డిగ్రీ పట్టుకుని నేను దిగింది కూడా ఆ బోర్డుల కిందే.

బయల్దేరిన రోజు పొద్దున ఇంటి వెనక బంగినపల్లి పండు తిని టెంకె విసిరేశాను. అమ్మ దాన్ని ఏరి బట్టలుతికే బండ పక్కన పాతిపెట్టింది. "నీకు నౌకరీ వచ్చేసరికి ఇది కాస్తది బిడ్డా" అంది. నౌకరీ ఎనిమిది నెలల్లో వచ్చింది. చెట్టుకి ఆరేళ్ళు దాటినా పూత రాలేదు. ప్రతి సంక్రాంతికీ ఇద్దరం అదే మాట్లాడుకుంటాం. "పూసిందా?" "ఆకులే వస్తున్నయి."

సరే, చెట్టుకి ఇంత టైమ్ ఎందుకు పడుతుందో చూద్దాం అని మొదలుపెట్టాను. మా టెస్టింగ్ వాళ్ళకి ఇదో జబ్బు. బగ్ ఎక్కడుందో తెలిసేదాకా నిద్ర పట్టదు.

ఇక్కడ బగ్ లేదు. గింజ నుంచి వచ్చిన చెట్టుకి మనలాగే బాల్యం ఉంటుంది. అది గడిచేదాకా పూత రాదు. తొందరపెడదామని యూరియా ఎక్కువేస్తే ఆకులు పెరుగుతాయి తప్ప పూత రాదు. మామిడికి ఆ బాల్యం ఆరేడేళ్ళు, ఒక్కోసారి పదేళ్ళు కూడా. అంటుమొక్క సంగతి వేరు. దాని పై కొమ్మని కాపుకొచ్చిన చెట్టు నుంచి తెచ్చి అంటుకడతారు. అంటే మొక్క చిన్నదైనా కొమ్మ బాల్యం ఎప్పుడో దాటేసింది. అందుకే అంటుమామిడి మూడు నుంచి ఐదేళ్ళలో కాస్తుంది.

ఇంకో మెలిక కూడా ఉంది. బంగినపల్లి టెంకె నాటితే బంగినపల్లి రావాలని లేదు. ఆ గింజలో పుప్పొడి ఇచ్చిన చెట్టు వాటా కూడా ఉంటుంది. మా బండ పక్క చెట్టు తీపి కాస్తుందో, పచ్చడికే పనికొస్తుందో కాసేదాకా ఎవరూ చెప్పలేరు.

ఇప్పుడు మనలాంటి అద్దె ఇళ్ళ వాళ్ళ లెక్కకి వద్దాం. అగ్రిమెంట్ 11 నెలలు. అంతలో కాసేవి తక్కువే. బొప్పాయి నాటిన ఎనిమిది నుంచి పది నెలల్లో పండు ఇస్తుంది. అయితే నాటు రకం గింజ వేస్తే మగ చెట్టు రావచ్చు, అది పూస్తుంది గానీ కాయదు. కాబట్టి రెండు మూడు మొక్కలు పెట్టుకోవాలి. స్ట్రాబెర్రీ మొక్కలు అక్టోబర్‌లో కుండీలో పెడితే చలికాలం పోయేలోపు కాసిని తినొచ్చు, ఎండలకి మాత్రం ఆగవు. మల్బరీ కొమ్మ గుచ్చితే ఏడాదికల్లా కాయలు కనిపిస్తాయి. బ్లూబెర్రీ ఫొటో చూసి ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టకండి. దానికి చలి కావాలి, పుల్లటి మట్టి కావాలి. హైదరాబాద్ మేడ మీద ఆ రెండూ కష్టం.

రెండు మూడు అగ్రిమెంట్లు ఒకే ఇంట్లో ఉండే అదృష్టం ఉంటే అంటు జామ, దానిమ్మ, అంజూర పెట్టుకోవచ్చు. సగం కోసిన డ్రమ్ము చాలు. సొంత జాగా ఉంటే సపోటా అంటు, సీతాఫలం మూడు నాలుగేళ్ళు. నిమ్మ గింజ మొక్కకి నాలుగైదేళ్ళు. గింజ వేసిన పనస ఏడెనిమిది, నేరేడు ఎనిమిది నుంచి పదేళ్ళు.

కొనేటప్పుడు రెండు జాగ్రత్తలు. అంటు కట్టిన చోటు స్పష్టంగా కనిపించాలి. దాని కింద నుంచి వచ్చే చిగుళ్ళని ఎప్పటికప్పుడు తీసేయాలి, లేకపోతే అసలు కొమ్మని అవి మింగేస్తాయి. ఇంకోటి, అంటుమామిడికి మొదటి రెండు మూడేళ్ళు పూత వచ్చినా తుంచేయాలి. చేతులు రావు, నిజమే. కానీ చిన్న మొక్క కాయల మీద బలం పెడితే ఎదుగుదల ఆగిపోతుంది.

నా మొదటి బొప్పాయి అమీర్‌పేటలోనే, మేడ మీద డ్రమ్ములో పెట్టాను. కాయలు ముదిరే టైమ్‌కి అద్దె పెరిగింది, నేను ఖాళీ చేశాను. మూడు వారాల తర్వాత ఓనర్ ఆంటీ ఫోన్. "బాబూ, నీ బొప్పాయి పండింది, వచ్చి తీస్కపో." వెళ్తే సగం కోసి ప్లేట్‌లో పెట్టి ఇచ్చారు. మిగతా సగం వాళ్ళే ఉంచుకున్నారు. ఏడాది నీళ్ళు వాళ్ళవి, న్యాయమే.

మళ్ళీ మా మామిడికి వస్తే, పోయిన చలికాలం బాపుకి గుండెలో స్టెంట్ వేశారు. ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చిన వారంలోనే ఫోన్ చేశాడు. "చెట్టు తల కొట్టి బంగినపల్లి అంటు కట్టిద్దాం. రెండు మూడేళ్ళల్ల కాస్తది. అది పూసేదాక కూసుండే ఓపిక నాకు లేదురా." పెద్ద చెట్టుకి అలా కొత్త కొమ్మలు కట్టొచ్చు, వేరు పాతదే కాబట్టి త్వరగా అందుకుంటుంది. అమ్మ ఒప్పుకోలేదు. "ఆరేండ్లు సాదిన. ఏం కాస్తదో సూడకుండనే నరుకుతరా?"

ఇద్దరూ నన్నే అడిగారు. నేనేం చెప్పను? నాదీ అంటు బతుకే. వేరు మెకానికల్, పైన మైత్రీవనంలో మూడు నెలల్లో కట్టించుకున్న కొమ్మ. కాపు తొందరగా వచ్చింది, బాపు అప్పు తీరింది. అందుకు నాకు బాధ లేదు. కానీ ఆ వేరుని వదిలేస్తే ఏం కాసేదో ఇక తెలీదు.

వానలు పడ్డాక ఊరికెళ్ళి నర్సరీ అతన్ని పిలిచాం. అతనే దారి చూపించాడు. చెట్టుకి నాలుగు పెద్ద కొమ్మలున్నాయి. మూడింటికి అంటు కట్టి, తూర్పు కొమ్మని వదిలేశాడు. అంటు అతికేదాకా చెట్టుకి తిండి పెట్టడానికి ఒక కొమ్మ ఉండాల్సిందేనట. బాపు మూడు కొమ్మలకీ లెక్క పెట్టుకున్నాడు. అమ్మ నాలుగో కొమ్మ కింద కుర్చీ వేసుకుంది.

మూడింటిలో రెండు అతికాయి, చిగుళ్ళు వచ్చాయి. ఈసారి సంక్రాంతికి ఫోన్ చెయ్యను. ఊరికే వెళ్ళి చూస్తాను.