బత్తాయిల బదులు ఊలుండ

ఎడమ భుజానికి ఆపరేషన్ అయి పద్దెనిమిది రోజులైన ఒక రిటైర్డ్ టీచరమ్మను ఈ వారం కొందరు చుట్టాలు పలకరించడానికి వెళ్లారు. బల్ల మీద బత్తాయిల గుట్ట, ఎవరూ చూడకపోయినా మోగుతున్న టీవీ, కిటికీ వైపు తిరిగి కూర్చున్న ఆమె. నొప్పి ఎలా ఉందని అడిగితే, "నొప్పి ఫర్వాలేదమ్మా, పొద్దే పోవడం లేదు" అని కళ్లు తుడుచుకుంది. నరసాపురం దగ్గరి పల్లెలో పుట్టి, ఎనిమిదో ఏట లేసు సూది పట్టిన మనిషి. ఆసుపత్రి నుంచి రాగానే ఆమె లేసు సంచిని కోడలు బీరువా మీదకు ఎక్కించేసింది. "అత్తయ్య గారూ, చెయ్యి కదపొద్దన్నారు కదా" అన్నది ఆ పిల్ల భయం.

తప్పు కోడలిది కాదు. ఆసుపత్రివాళ్లు ఇచ్చిన డిశ్చార్జి కాగితంలో మాత్రల పేర్లున్నాయి, కుట్లు విప్పే తేదీ ఉంది, బిల్లు లెక్క పైసలతో సహా ఉంది. చివర ఒకే ఒక్క మాట: విశ్రాంతి. దేనికి విశ్రాంతి, ఎన్నాళ్లు, మోచేతికి కూడానా, వేళ్లకు కూడానా అన్న వివరం లేదు. ఆ ఒక్క మాటను ఇంటిల్లిపాదీ వేదవాక్కులా పట్టుకున్నారు. పద్దెనిమిదో రోజున ఫిజియోథెరపిస్టు చూసి, "వేళ్లు ఎందుకిలా ఉబ్బాయి? అసలు కదపడం లేదా?" అని అడిగేదాకా ఎవరికీ అనుమానం రాలేదు. మోచెయ్యి పక్కటెముకలకు ఆనించి, స్లింగ్ తీయకుండా, దిండు మీద ముంజేతిని పెట్టుకుని లేసు అల్లుకోవచ్చని ఆయనే చెప్పాడు. ఈ ముక్క మొదటి వారమే చెప్పి ఉంటే ఆమెకు పద్దెనిమిది రోజుల ఏడుపు తప్పేది.

ఈ ఆపరేషన్ కథ చాలామందికి తెలిసిందే. భుజం కీలు చుట్టూ నాలుగు కండరాలు చొక్కా కఫ్‌లా చుట్టుకుని ఉంటాయి. వాటి టెండన్ తెగితే చెయ్యి పైకి లేవదు, రాత్రిళ్లు ఆ పక్కకు తిరిగి పడుకోలేరు. తెగినదాన్ని మళ్లీ ఎముకకు కుట్టడమే రొటేటర్ కఫ్ ఆపరేషన్. బోస్టన్ సర్జన్ ఎర్నెస్ట్ కాడ్మన్ 1911లోనే దీని గురించి రాశాడు, 1934లో భుజం మీదే ఒక పెద్ద పుస్తకం తెచ్చాడు. ముందుకు వంగి చేతిని గడియారం లోలకంలా ఊపే వ్యాయామానికి ఇప్పటికీ ఆయన పేరే.

కుట్టిన టెండన్ ఎముకకు అతుక్కోవడానికి సుమారు 12 వారాలు పడుతుంది. అందుకే సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు స్లింగ్. ఆ చేతితో బరువు ఎత్తకూడదు, సొంత బలంతో చేతిని పైకి లేపకూడదు. బలం పూర్తిగా తిరిగి రావడానికి ఆరు నెలలు పట్టవచ్చు, ఏడాదీ పట్టవచ్చు. ఇదంతా భుజానికి సంబంధించిన క్రమశిక్షణ. మణికట్టూ వేళ్లూ కదుపుతూ ఉండమనే చాలామంది సర్జన్లు మొదటి నుంచీ చెబుతారు. గుప్పిట మూస్తూ తెరుస్తూ ఉంటే నెత్తురు కిందికి దిగి పేరుకోదు, వాపు తగ్గుతుంది, కీళ్లు బిగుసుకోవు. మన ఇళ్లలో ఇంటికొకరికి ఉన్న షుగరు జబ్బు భుజం బిగుసుకుపోవడాన్ని మరింత పెంచుతుంది. అలాంటప్పుడు రోగికి రబ్బరు బంతి ఇచ్చి రోజుకు వందసార్లు నొక్కమంటే రెండో రోజుకే విసుగు పుడుతుంది. అదే చేతికి లేసు దారం ఇస్తే? పువ్వు పూర్తయ్యేదాకా ఆ వేళ్లు ఆగవు. లెక్కపెట్టక్కర్లేదు, గుర్తుచేయక్కర్లేదు.

ఇది కొత్తగా కనిపెట్టిన సంగతి కాదు. చేతిపనిని వైద్యంగా గుర్తించిన వృత్తి ఒకటి వందేళ్లకు పైగా ఉంది. 1917 మార్చిలో న్యూయార్క్ రాష్ట్రంలోని క్లిఫ్టన్ స్ప్రింగ్స్‌లో జార్జ్ బార్టన్ అనే ఆర్కిటెక్టు ఇంట్లో కొద్దిమంది కూర్చుని ఆక్యుపేషనల్ థెరపీకి సంఘం పెట్టారు. బార్టన్ స్వయంగా పక్షవాతంతో ఎడమవైపు చచ్చుబడి, తోటపనితోనూ చేతిపనులతోనూ తేరుకున్న మనిషి. ఆ మరుసటి ఏడాదే అమెరికా సైన్యం యువతులకు శిక్షణ ఇచ్చి ఫ్రాన్స్‌లోని యుద్ధ ఆసుపత్రులకు పంపింది. గాయపడ్డ సైనికులకు నేత, బుట్టల అల్లిక, చెక్కపని నేర్పడం వారి ఉద్యోగం.

మన దేశమూ వెనకబడలేదు. అమెరికాలో పుట్టి, మహారాష్ట్రకు కోడలై వచ్చిన కమలా నింబ్కర్ 1950లో బొంబాయి కె.ఇ.ఎం. ఆసుపత్రిలో ఆక్యుపేషనల్ థెరపీ స్కూలు తెరిచింది. 1952లో ప్రపంచ స్థాయి సమాఖ్య ఏర్పడినప్పుడు వ్యవస్థాపక సభ్య దేశాలు పది, అందులో భారత్ ఒకటి. 2021లో పార్లమెంటు చేసిన అలైడ్ హెల్త్‌కేర్ వృత్తుల చట్టంలోనూ ఈ వృత్తికి చోటుంది. చరిత్ర ఉంది, చట్టం ఉంది. మన జిల్లా కేంద్రాల్లో ఎముకల ఆసుపత్రి బోర్డులు మాత్రం చదివి చూడండి. ఆర్థోపెడిక్స్ ఉంటుంది, ఎంఆర్ఐ ఉంటుంది, ఫిజియోథెరపీ ఉంటుంది, కింద మందుల షాపు ఉంటుంది. ఆక్యుపేషనల్ థెరపిస్టు పేరున్న బోర్డు కనిపిస్తే అది విశేషమే. భుజంలో దిగ్గొట్టే యాంకర్ల ఖరీదు పక్కన ఊలుండ, క్రోషా సూది ఖర్చు లెక్కలోకి రాదు. లెక్కలోకి రాని దాన్ని ఎవరూ రాసివ్వడం లేదు.

మంచాన పడ్డ రోజుల్లో చేతికందిన పని మనిషిని ఎంత మార్చగలదో చెప్పడానికి ఆన్రీ మతీస్ ఒక్కడు చాలు. లాయరు గుమాస్తాగా ఉన్న ఇరవై ఏళ్ల కుర్రాడు, అపెండిసైటిస్‌తో మంచాన ఉంటే పొద్దుపోవడానికని తల్లి రంగుల పెట్టె తెచ్చిచ్చింది. ఆ రంగుల పెట్టే అతణ్ని చిత్రకారుణ్ని చేసింది. మళ్లీ 1941లో, డెబ్బై దాటాక, కడుపుకు పెద్ద ఆపరేషన్ జరిగి నిలబడి బొమ్మలు వేయలేని స్థితి. అప్పుడు కత్తెర పట్టాడు. రంగు పూసిన కాగితాలను మంచం మీదా చక్రాల కుర్చీలోనూ కూర్చుని కత్తిరించాడు. 1947లో వచ్చిన 'జాజ్' పుస్తకం ఆ కత్తిరింపుల పంటే. ఆ తల్లి పళ్లబుట్టతో సరిపెట్టుకుని ఉంటే ఏమయ్యేదో!

అసలు బాధ ఇక్కడ మొదలవుతుంది. టీచరమ్మకు లేసు తెలుసు కాబట్టి దారి దొరికింది. అదే ఆపరేషన్ ఆమె భర్తకో అన్నకో జరిగితే? మన మగవాళ్లలో ఎందరికి సూదిలో దారం ఎక్కించడం వచ్చు? అరవై ఏళ్లు వచ్చినా తెగిన గుండీ కుట్టుకోలేని ఆఫీసర్లు ఎందరో. భుజం కట్టు కట్టించుకుని వచ్చిన మగవాడికి రెండే గతులు, ఫోను లేదా రాజకీయ చర్చల టీవీ. మొదటి వారం గడిచేసరికి ఇంట్లో అందరి మీదా చిరాకు. అల్లికలూ కుట్లూ ఆడవాళ్ల కాలక్షేపం అన్న మాట మన నోళ్లలో నానిపోయింది.

లండన్ సెయింట్ పాల్స్ కెథడ్రల్‌లో ఒక కుట్టుపని ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో గాయపడ్డ 138 మంది సైనికులు ఆసుపత్రుల్లో కోలుకుంటూ కుట్టిన పూజావేదిక వస్త్రం అది. 1919 జూలైలో జరిగిన కృతజ్ఞతా ప్రార్థనకు దాన్ని పరిచారు. ఫిరంగులు పేల్చిన చేతులే సూదులు పట్టాయి. దాంతో వాళ్ల మగతనానికి వచ్చిన లోటేమీ లేదు. మన దగ్గర మాత్రం కొండపల్లి పొనికి చెక్క చెక్కేదీ, ఏటికొప్పాక లక్క పిడత తిప్పేదీ, పోచంపల్లి మగ్గం మీద కూర్చునేదీ మగవాళ్లైనా, ఇంట్లో మగపిల్లవాడు ఊలు పట్టుకుంటే నవ్వుతారు.

ఈ నవ్వును బడి ఆపాలి. ఆపగలిగేది బడే. 1937లో వార్ధా సదస్సులో గాంధీజీ చేతిపనినే చదువుకు కేంద్రం చేయమన్నాడు. 1977లో ఈశ్వర్‌భాయ్ పటేల్ కమిటీ ఉత్పాదక పనిని బడి టైంటేబుల్లోకి తెచ్చింది. ఇప్పుడు యాభై అరవై దాటినవాళ్లలో చాలామందికి క్రాఫ్ట్ పీరియడ్ గుర్తుంటుంది. తకిలీ తిప్పడం, అట్టముక్కలతో పెట్టెలు చేయడం, గోనె గుడ్డ మీద క్రాస్ స్టిచ్. ఆ పీరియడ్‌ను ముందు లెక్కల మాస్టారు అప్పు తీసుకున్నాడు. తర్వాత ఐఐటీ ఫౌండేషన్ మింగేసింది. 2020 జాతీయ విద్యా విధానం ఆరు నుంచి ఎనిమిదో తరగతి మధ్య పిల్లలు సంచి లేకుండా పది రోజులు చేతివృత్తులు నేర్చుకోవాలంటోంది. మూడేళ్లలో పది రోజులు! అదీ ఎన్ని బళ్లలో జరుగుతోంది? రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ప్రభుత్వాలే డ్రాయింగ్, టైలరింగ్, చేనేతలో లోయర్, హయ్యర్ పరీక్షలు పెడతాయి. పాసైనవాళ్లు సర్టిఫికెట్లు పట్టుకుని పోస్టుల కోసం ఏళ్లు ఎదురుచూస్తారు. వంద మందికి మించి పిల్లలున్న ప్రాథమికోన్నత బడికి వర్క్ ఎడ్యుకేషన్ బోధకుడు, పార్ట్‌టైమ్‌గానైనా ఉండాలని 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలే చెబుతోంది. పన్నెండేళ్ల వయసులో వేళ్లకు నేర్పనిది అరవై రెండేళ్లకు, అదీ కట్టుకట్టిన చేత్తో, ఎవరు నేర్పుతారు?

నరసాపురం లేసుకు 2024లో జీఐ గుర్తింపు వచ్చినందుకు సంబరపడ్డాం. ఆ లేసు అల్లే ఊళ్లలోనే ఒక కోడలు, అల్లితే అత్తగారి చెయ్యి పాడవుతుందేమోనని సంచి దాచాల్సి వచ్చింది. గుర్తింపు కాగితం మీద ఉంటే సరిపోదు, ఆసుపత్రి గుమ్మం దాకా రావాలి.

ఆసుపత్రులు చేయాల్సింది పెద్ద పనేమీ కాదు. డిశ్చార్జి కాగితం మీద 'విశ్రాంతి' అన్నచోట నాలుగు వరుసలు రాయాలి, తెలుగులో. భుజం ఇన్ని వారాలు కదపవద్దు. వేళ్లు, మణికట్టు ఇలా కదపండి. ఈ పనులు చేయవచ్చు, ఈ పనులు చేయకూడదు. పెద్ద చీలికకూ చిన్న చీలికకూ జాగ్రత్తలు వేరు కాబట్టి ఆ మాట సర్జనే చెప్పాలి, ఇరుగుపొరుగు కాదు. మత్తు సూది ప్రభావం దిగి చేతికి స్పర్శ పూర్తిగా వచ్చేదాకా సూదీ కత్తెరా ముట్టకూడదు. కుట్టు మిషను మీద గుడ్డ లాగడం, మగ్గం, పిండి పిసకడం, వంగి ముగ్గు వేయడం, అటక మీది డబ్బా దించడం మొదటి వారాల పనులు కావు.

అనుమతి దొరికాక చేయగలిగినవి మన ఇళ్లలోనే బోలెడున్నాయి. లేసు, ఊలు అల్లిక. ఒళ్లో పళ్లెం పెట్టుకుని పూసలు గుచ్చడం. పత్తి తీసి ఒత్తులు చేయడం. కార్తీక పౌర్ణమికి 365 ఒత్తులు కావాలి, రోజుకు పది చేసినా నెల దాటి పని. బల్ల అంచుకు బిగించిన ఫ్రేము మీద బాగున్న చేత్తో కుట్టడం. మనవడితో కూర్చుని చింతపిక్కలతో వామనగుంటలు. ఊలుండను బాగున్న చేతివైపు, ఒడిలోనే ఉంచుకోవాలి. దూరంగా పెడితే దారం లాగినప్పుడల్లా భుజం మీద పడుతుంది. పదిహేను ఇరవై నిమిషాలు చేసి ఆపాలి. భుజంలో పోటు మొదలైతే ఆ క్షణమే ఆపాలి.

టీచరమ్మ లేసు సంచి బీరువా మీంచి దిగింది. కోడలే దించి, దిండు సర్ది, పక్కన కూర్చుని మొదటి ముడి వేయడం నేర్చుకుంటోంది. భుజం ఆపరేషన్ అయినవాళ్లు మీ వీధిలో, మీ చుట్టాల్లో ఒకరైనా ఉంటారు. ఈసారి చూడబోయేటప్పుడు బత్తాయిలు కొనే ముందు ఒక్క ఫోను చేసి, "వేళ్లతో ఏ పని చేసుకోవచ్చన్నారు డాక్టరు గారు?" అని అడగండి. వాళ్లకు తెలియకపోతే ఆ ప్రశ్నను కాగితం మీద రాసి, వచ్చే చెకప్పుకు తీసుకెళ్లమని వాళ్ల బాగున్న చేతిలో పెట్టి రండి.