చూచుట కూడా ఒక విద్యయే

విద్య అనగానే మనకు స్ఫురించేవి మూడు: చదవడం, వల్లె వేయడం, వ్రాయడం. చూడడం కూడా విద్యలో ఒక భాగమని మనం తలపోయము. కన్నులున్న వానికి కనిపించక మానదు గదా, దానికి వేరే శిక్షణ ఎందుకని మన భావన. ఈ భావన ఎంత పొరపాటో తెలుసుకొనడానికి అమెరికాలోని ఒక కంప్యూటరు శాస్త్రాచార్యుని జీవితకృషిని పరిశీలిస్తే చాలు. ఆయన పేరు బెన్ ష్నైడర్‌మన్. తెలుగు బోధించేవానికి కంప్యూటరుతో ఏమి పని అని మిత్రులు అడగవచ్చు. పని ఉన్నదనే నా మనవి.

ఆయన 1947లో న్యూయార్కు నగరంలో జన్మించారు. ప్రఖ్యాత ఛాయాచిత్రకారుడు డేవిడ్ సేమూర్ ఆయనకు మేనమామ. యుద్ధాల నడుమ పసిపిల్లల ముఖాలను లోకానికి చూపిన ఆ చిత్రకారుడు 1956లో సూయజ్ ప్రాంతంలో కాల్పులకు బలియైనాడు. 1973లో ష్నైడర్‌మన్ డాక్టరేటు పొందారు. ఆ సంవత్సరమే ఐజాక్ నాసీ అనే సహాధ్యాయితో కలిసి, ప్రోగ్రాము నడిచే తీరును ఒకదానిలో ఒకటి ఇమిడిన గడులుగా చూపే పద్ధతిని ప్రకటించారు. ఆ వ్యాసాన్ని మొదట ఒక పేరొందిన పత్రిక తిరస్కరించింది. అనంతరం అది మరొకచోట అచ్చయి, ఆ పటాలు వారిద్దరి పేరుతోనే పాఠ్యగ్రంథాలకెక్కినవి. ఒక్క తిరస్కారానికే కలం పడవేసే మన యువకులు ఇది గుర్తుంచుకొనదగిన సంగతి.

ఆ రోజులలో కంప్యూటరును వాడగోరినవాడు ఆజ్ఞలను కంఠస్థం చేసి, అక్షరం తప్పకుండా టైపు చేయవలసి వచ్చేది. తెరమీది వస్తువును చేతితో పట్టి కదిపినట్లు కదిలించగలగాలనీ, చేసిన పనికి ఫలితం వెంటనే కనబడాలనీ, తప్పు జరిగితే వెనుకకు మళ్ళే వీలుండాలనీ ఆయన 1983లో వాదించారు. ఆ సంవత్సరమే మేరీలాండ్ విశ్వవిద్యాలయంలో మానవునికీ కంప్యూటరుకూ గల సంబంధాన్ని పరిశోధించే ప్రయోగశాలను స్థాపించారు.

1990 ప్రాంతంలో ఆ ప్రయోగశాలకు ఒక చిన్న చిక్కు వచ్చింది. 14 మంది కలిసి వాడుకొనే 80 మెగాబైట్ల హార్డ్ డిస్కు నిండిపోయింది. ఎవరి దస్త్రాలు ఎంత చోటు ఆక్రమించినవో పొడవైన జాబితాలను చూచి తెలుసుకొనడం కష్టమైనది. అపుడాయన తెరను ఒక పొలంగా భావించి, దానిని చిన్న, పెద్ద మళ్ళుగా విభజించారు. పెద్ద దస్త్రానికి పెద్ద మడి, చిన్నదానికి చిన్న మడి. స్థలమంతా ఎవరు మింగినదీ ఒక్క చూపులో తేలిపోయింది. దానికే ట్రీమ్యాప్ అని పేరు. తరువాతి కాలంలో వందలకొలది కంపెనీల షేర్ల ధరలను ఒకే తెరపై చూపడానికీ ఈ పద్ధతియే తోడ్పడింది.

ముందు మొత్తాన్ని చూపుము, పిదప కోరిన భాగానికి దగ్గరగా పోనిమ్ము, అక్కరలేని దానిని తొలగించనిమ్ము, అడిగినపుడే వివరాలు చెప్పుము: 1996లో ఆయన సూచించిన క్రమం ఇది. మన విద్యార్థులకిది సరిక్రొత్తగా తోచవచ్చును. కాని 1154లో సిసిలీ రాజు రోజర్ ఆస్థానంలో అల్ ఇద్రీసీ భూగోళ గ్రంథాన్ని ముగించినపుడు లోకాన్ని 7 మండలాలుగా, ఒక్కొక్క మండలాన్ని 10 ఖండాలుగా విభజించి 70 పటాలు సమకూర్చాడు. సమగ్రం నుండి ఖండానికి నడిచే చూపు మన పూర్వులకు అపరిచితం కాదు.

ఇక నా అనుభవం ఒకటి. నా తరగతిలో ఒక విద్యార్థి హాజరు నూటికి అరువది దాటలేదు. అశ్రద్ధ అని నేను తీర్మానించి, పదిమందిలో మందలించాను కూడా. ఒకనాడు గ్రాఫు కాగితంపై రోజుకొక గడి చొప్పున అతని గైర్హాజరీలను నల్లగా నింపి చూచాను. నల్లని గడులు చెదరిపోలేదు. ప్రతి వారం అవే రెండు రోజుల క్రింద నిలువు గీతలై నిలిచినవి. ఆ రెండూ మా చుట్టుప్రక్కల సంతలు జరిగే దినాలు. తండ్రి మంచాన పడగా ఆ పిల్లవాడు అక్కడ గాజులు అమ్ముతున్నాడు. రిజిస్టరులో ఆ సంగతి నెలల తరబడి ఉన్నది, శాతం లెక్క దానిని దాచినది, నేను చూడలేదు. అశ్రద్ధ ఎవరిదో వేరే చెప్పనక్కరలేదు.

అయితే బొమ్మలన్నీ సత్యం పలుకుతవని నేను అనను. గీతను సున్న నుండి గాక నడుమ నుండి మొదలుపెట్టి చిన్న భేదాన్ని కొండంత చేయవచ్చు. ట్రీమ్యాప్‌లోనే ఆకారం వేరైన రెండు మళ్ళలో ఏది పెద్దదో కన్ను ఒక్కొక్కపుడు పొరబడుతుంది. నల్లని గడులు నాకు ప్రశ్నను మాత్రమే ఇచ్చినవి. జవాబు ఆ పిల్లవానిని పిలిచి అడిగితేనే లభించింది. చిత్రం విచారణకు ఆరంభం గాని తీర్పు కాదు.

ఈ కారణం వల్లనే ఆయన తరువాతి కృషి నాకు మరింత గౌరవపాత్రంగా తోస్తుంది. 2022లో వెలువరించిన గ్రంథంలో, కృత్రిమ మేధ మనుష్యుని శక్తిని పెంచే సాధనంగా ఉండాలనీ, పగ్గం మనుష్యుని చేతిలోనే ఉండాలనీ ఆయన వాదించారు. నేడు మార్కులను, ఉపకారవేతనాలను, ఉద్యోగాల దరఖాస్తులను యంత్రాలే జల్లెడ పట్టే కాలం వచ్చింది. ఆ జల్లెడలో ముందుగా జారిపోయేది మన సంతలలోని పిల్లలే. వారిని చూడగల కన్ను మనకుండాలి.

కావున విద్యార్థులారా! ఉర్దూ చదివినా, తెలుగు చదివినా, ఇది మన విద్య కాదని దూరంగా నిలువకండి. ఒక గ్రాఫు కాగితం, ఒక పెన్సిలు చేతబట్టి మీ వీథిని, మీ ఊరి బడిని, మీ ఇంటి ఖర్చును గీచి చూడండి. చూచినదానిని గురించి ఎవరినైనా అడగండి. ఆ అడిగే ధైర్యమే అసలైన చదువు.