తుడిచివేయుటకు ముందు తెలిసికొనుడు

యంత్రము చక్కగా నడచుచున్నంత కాలము దాని లోపల నేమి జరుగుచున్నదో ఎవరును విచారింపరు. అది ఆగిన నాడే మన తెలివికి పరీక్ష. కంప్యూటరు మీట నొక్కితిమి, తయారుచేసిన కంపెనీ గుర్తు తెరమీద కనబడినది, చిన్న చక్రము తిరుగుట మొదలిడినది, అంతటితో సరి. పది నిమిషములు గడచినను లోపలికి దారి దొరకదు. అట్టి వేళ సామాన్యముగా జరుగునవి రెండే: మీటను మరల మరల నొక్కుట, లేదా మరమ్మతు చేయువానిని పిలిచి అంతయు తుడిచి క్రొత్తగా వేయించుట. ఈ రెండవ పనిని తొందరపడి చేయుట తప్పని మా అభిప్రాయము.

మేమెరిగిన ఒక బడిలో ఇట్లే జరిగినది. ఆగిన కంప్యూటరును ఒక్క పూటలో తుడిచి బాగుచేసిరి. కాని విద్యార్థులు రెండు నెలలు శ్రమపడి తెలుగులో టైపు చేసికొన్న కథలును, ఊరి ముసలివారి నడిగి వ్రాసికొన్న పొడుపు కథలును దానితోపాటు పోయినవి. వారము తిరుగకముందే ఆ యంత్రము మరల అదే చోట ఆగినది. పిల్లల శ్రమ పోయినది, లోపము మాత్రము నిలిచినది!

అసలు లోపల జరుగునదేమి? విద్యుత్తు అందగానే మదర్‌బోర్డు మీది చిప్పులో నున్న చిన్న ప్రోగ్రాము మేలుకొని, మెమరీ, కీబోర్డు, డిస్కు సరిగా నున్నవా యని చూచును. పిమ్మట బూట్ లోడర్ అనునది డిస్కునుండి కెర్నెల్‌ను తెచ్చి మెమరీలో నిలుపును. కెర్నెల్ అనగా గింజలోని పప్పు. ఆపరేటింగ్ సిస్టమునకు ప్రాణమైన భాగము గనుక దాని కా పేరు వచ్చినది. ప్రాసెసరును, డిస్కును, తెరను ఒక్కొక్కదానినే పలుకరించి పనిలో పెట్టునది అదే. అన్నియు సిద్ధమైన పిదప అది మొదటి ప్రోగ్రామును మొదలుపెట్టును. లినక్సులో దాని సంఖ్య 1. తక్కిన ప్రోగ్రాములు దాని వెనుక వచ్చును.

రైలుమార్గము మీద నున్న మన విరూరు వారికి ఈ సంగతి సులభముగా బోధపడును. బల్లార్షాలో బయలుదేరిన బండి కాగజ్‌నగరము చేరలేదనుకొందము. దారి పొడుగునను పట్టాలు పెరికి క్రొత్తవి వేయుడని ఎవరైన చెప్పుదురా? బండి మాణిక్‌గఢ్ దాటినదా, విరూరు దాటినదా, మాకుడి దాటినదా యని వరుసగా అడుగుదురు. విరూరు దాటినది, మాకుడి చేరలేదు అన్నచో వెదకవలసిన చోటు ఆ రెంటి నడుమనే. ఆగిన కంప్యూటరును గూర్చియు ఇట్లే అడుగవలెను.

అడిగినచో యంత్రము సమాధానము చెప్పును. లినక్సులో ప్రారంభపు మెనూనందు ‘క్వయట్’ అను మాటను తీసివేసినచో, అంతవరకు మౌనముగా నున్న కెర్నెల్ తాను చేయు పనులను తెరమీద వరుసగా వ్రాయుచు పోవును. ఆగినప్పుడు కనబడు చివరి వరుస మనకు దొరకిన సాక్షి. ఐనను సాక్షినే దొంగ యనరాదు. చివరి వరుస వ్రాసిన పని ముగిసి, దాని తరువాతి పని నోరు మెదపకముందే ఆగియుండవచ్చును. అందులకే ‘ఇనిట్‌కాల్ డీబగ్’ అను ఆజ్ఞ గలదు. దాని నిచ్చినచో ప్రారంభములోని ప్రతి పనియు లోనికి పోవునప్పుడొకసారి, వెలుపలికి వచ్చునప్పుడొకసారి చెప్పును. పోయి రానిదెవ్వరో అదే అనుమానితము. క్యాప్స్ లాక్ మీట నొక్కి చూచుటయు మంచిదే. దాని దీపము వెలిగి ఆరుచున్నచో కెర్నెల్ ఇంకను వినుచున్నదనియు, తెర మాత్రమే చిక్కుపడినదనియు ఊహింపవచ్చును.

ఆగుట యెల్లప్పుడు చెడిపోవుట కాదు, ఒక్కొక్కప్పుడది ఎదురుచూచుట. ఒకని చేతిలో చేద, మరియొకని చేతిలో తాడు ఉన్నవి. నీ తాడిచ్చిన గాని చేద నీయనని ఒకడు, నీ చేద యిచ్చిన గాని తాడీయనని ఇంకొకడు నిలిచినచో బావిలో నీరుండియు ఇద్దరికిని దాహము తీరదు. కెర్నెల్‌లో రెండు పనులు ఇట్లు ఒకదానికై ఒకటి నిలిచిపోవుటను డెడ్‌లాక్ అందురు. అందరును ముందు తాడు, తరువాత చేద అను ఒకే వరుసలో తీసికొనవలెనన్న నియమమే దానికి విరుగుడు.

2019లో జరిగిన ఒక ఉదాహరణము ఇంకను విచిత్రమైనది. లినక్స్ 5.3 తయారగుచుండగా డిస్కును తక్కువ సార్లు అడిగి పని త్వరగా జరుగునట్లు ఒక మార్పు చేసిరి. మంచి మార్పే. కాని రహస్య సంఖ్యలను పుట్టించుటకు కెర్నెల్ డిస్కు కదలికలలోని, మీటల నొక్కులలోని క్రమరాహిత్యమును కూర్చుకొనుచుండును. డిస్కు కదలికలు తగ్గినవి; లాగిన్ తెరను తెచ్చు ప్రోగ్రాము ఆ సంఖ్యలకై వేచియుండెను; తెర రాలేదు గనుక మనిషి మీటలు నొక్కలేదు. ఒక కంప్యూటరు ఇట్లు ఆగిపోయెను. దాని యజమాని తుడిచివేయలేదు. మార్పుల వరుసను సగమునకు సగము చేయుచు పరీక్షించి, ఏ మార్పుతో ఈ జబ్బు వచ్చినదో చూపెను. ఈ పద్ధతిలో వేయి మార్పులున్నను పది పరీక్షలు చాలును. 1991లో లినక్సును మొదలుపెట్టిన లినస్ టోర్వాల్డ్స్, 2019 సెప్టెంబరు 15న 5.3ను విడుదల చేయుటకు ముందు ఆ మంచి మార్పునే వెనుకకు తీసికొనెను. తరువాతి 5.4లో అసలు లోపమును సవరించిరి. ఓపికతో చూచిన ఒక్కని నివేదిక అందరికిని ఉపకరించినది.

మన హైదరాబాదు సంగతియు ఒకటి చెప్పవలెను. 2024 జూలై 19 ఉదయము క్రౌడ్‌స్ట్రైక్ అను భద్రతా సంస్థ పంపిన ఒక ఫైలు వలన, మైక్రోసాఫ్టు అంచనా ప్రకారము 85 లక్షల విండోస్ కంప్యూటర్లు దెబ్బతినెను. కెర్నెల్‌తో కలిసి పనిచేయు ఆ ప్రోగ్రాము 20 అంశములు సిద్ధము చేసికొని యుండగా, ఫైలు 21వ దానిని చూడుమనెను. లేనిదానిని చూడబోయి యంత్రము కూలెను. మరల లేచి మరల కూలెను. హైదరాబాదునుండి కలకత్తాకు పోవు విమాన ప్రయాణికునకు చేతివ్రాతతో బోర్డింగ్ పాస్ ఇచ్చిరి. సంస్థ 78 నిమిషములలో ఆ ఫైలును వెనుకకు తీసికొన్నను, అప్పటికే కూలిన యంత్రముల వద్దకు మనుష్యులు పోవలసి వచ్చినది. వారు చేసినదేమి? సేఫ్ మోడ్‌లో తెరచి ఆ ఒక్క ఫైలును తొలగించిరి. కారణము తెలిసినందున చికిత్స అంత చిన్నదైనది.

పరీక్ష రేపనగా యంత్రము ఆగినచో తుడిచి వేయించుట తప్పదేమో యని ఉపాధ్యాయు లడుగవచ్చును. నిజమే. ఐనను పెన్ డ్రైవు మీది లినక్సుతో యంత్రమును లేపి, పిల్లల వ్రాతలను ముందుగా వేరుచోట దాచవచ్చును. చివరి వరుసను ఫోనుతో ఫోటో తీయుటకు ఒక నిమిషము చాలును.

తల్లిదండ్రులకు ఒక మనవి. ఇట్టి పని ఇంగ్లీషు చదువులవారికే గాని తెలుగులో చదువు మా పిల్లలకేల యను మాట మేము వినుచున్నాము. 1956లో రాజురా తాలూకా హైదరాబాదు రాష్ట్రమునుండి బొంబాయి రాష్ట్రమునకు మారినది మొదలు ఇచ్చటి తెలుగు కుటుంబముల నీ బెంగ వదలలేదు. తెరమీది మాటలు ఇంగ్లీషువే, కాదనము. కాని ‘ఫెయిల్డ్’, ‘టైమవుట్’, ‘నాట్ ఫౌండ్’ వంటి కొన్ని మాటలు నేర్చుట, ఇంట తెలుగును వీధిలో మరాఠీని మాట్లాడు పిల్లలకు ఎంత పని? వరుసగా చూచుట, ఒకసారి ఒక్కదానినే మార్చుట, తెలియనిదానిని తెలియదని వ్రాయుట, ఇవి ఏ భాషకును సొంతము కావు. తాను చక్కగా ఆలోచింపగల భాషలోనే బాలుడు వీనిని ముందుగా నేర్చును.

కావున ప్రతి కంప్యూటరు ప్రక్కను తెలుగులో వ్రాయు ఒక నోటుపుస్తకము ఉండవలెనని మా కోరిక. ఏనాడు ఆగినది, దానికి ముందు ఏమి మార్చితిమి, చివరి వరుస యేమి, ఏ ఒక్కదానిని మార్చి చూచితిమి, ఫలితమేమి అను సంగతులను విద్యార్థులే వ్రాయుదురు గాక. పిల్లల రచనలు ఎల్లప్పుడు రెండు చోట్ల నుండవలెను. విద్యార్థులారా! ఈసారి తెరమీద చక్రము తిరుగుచు నిలిచిపోయినప్పుడు మీట మీదికి చేయి పోనీయకుడు. కలము తీసికొని, బండి ఎంతవరకు వచ్చినదో ముందుగా వ్రాయుడు.