యంత్రానికి కళ్లు సరే.. మన రోడ్డు తెలుసా?

బడంగ్‌పేట్: బాలాపూర్ చౌరస్తా నుంచి బడంగ్‌పేట్ మీదుగా నాదర్‌గుల్ వెళ్లే రహదారిపై సాయంత్రం వేళ వాహనం నడపడం ఎంత కష్టమో ఇక్కడివారికి వేరుగా చెప్పనక్కరలేదు. ఆటో ఎక్కడ ఆగుతుందో, ద్విచక్ర వాహనం ఏ సందులోంచి దూసుకొస్తుందో, పాదచారి ఎక్కడ రోడ్డు దాటుతాడో ముందుగా తెలియదు. మరోవైపు పొరుగునున్న సంగారెడ్డి జిల్లా కందిలో, ఐఐటీ హైదరాబాద్ ప్రాంగణంలో డ్రైవర్ లేని బస్సులు 2025 ఆగస్టులో రాకపోకలు ప్రారంభించాయి. ఆరు సీట్ల బండి ఒకటి, పద్నాలుగు సీట్లది మరొకటి. వీటిని రూపొందించిన ‘తిహాన్’ కేంద్రపు పరీక్షా ప్రాంగణాన్ని సుమారు రూ.130 కోట్ల వ్యయంతో నిర్మించగా, 2022 జులై 4న కేంద్ర మంత్రి జితేంద్ర సింగ్ ప్రారంభించిన సంగతి తెలిసిందే. ప్రాంగణంలో నడిచిన బండి బడంగ్‌పేట్ రోడ్డుపై నడవగలదా అన్నదే ప్రశ్న.

ఒక్క కన్ను చాలదు

ఇటువంటి వాహనం ఏ ఒక్క పరికరాన్నీ నమ్ముకోదు. కెమెరా రంగులను, బోర్డులపై రాతలను పోల్చుకుంటుంది గానీ చీకటిలోనూ, ఎదుటి లైట్ల వెలుగులోనూ తడబడుతుంది. రాడార్ వానలోనూ దూరాన్ని, వేగాన్ని చెబుతుంది; ఎదురుగా ఉన్నది మనిషో, స్తంభమో స్పష్టంగా చెప్పలేదు. లేజర్ కిరణాలతో పనిచేసే లైడార్ వస్తువు ఆకారాన్ని కచ్చితంగా గీస్తుంది. కుండపోత వాన, దట్టమైన దుమ్ము దానికి ప్రతిబంధకాలు. ఒకదాని లోటును మరొకటి పూరించేలా ఈ సమాచారాన్నంతా కలిపి ఒకే చిత్రంగా మలచడమే అసలు విద్య. గంటకు 36 కిలోమీటర్ల వేగంతో వెళ్లే బండి సెకనులో పదో వంతు కాలంలో మీటరు దూరం కదులుతుంది. కనుక పరికరాల గడియారాలు ఆ మాత్రం తేడా పడినా, రోడ్డు దాటే వ్యక్తి ఒకదానికి ఒక చోట, ఇంకొకదానికి మరో చోట కనిపిస్తాడు. గుంతల కుదుపులకు పరికరాల అమరిక చెదరకుండా చూసుకోవడం మరో సమస్య.

చూసినా పోల్చుకోలేదు

పరికరాలు సక్రమంగా పనిచేసినా ప్రమాదం తప్పకపోవచ్చుననేందుకు అమెరికాలోని అరిజోనాలో 2018 మార్చి 18న జరిగిన దుర్ఘటన నిదర్శనం. ఉబర్ సంస్థ పరీక్షిస్తున్న కారు, రాత్రివేళ సైకిల్ నెట్టుకుంటూ రోడ్డు దాటుతున్న మహిళను ఢీకొనగా ఆమె మరణించారు. ఢీకొనడానికి 5.6 సెకన్ల ముందే ఆమె ఉనికిని కారు పసిగట్టినట్లు దర్యాప్తులో తేలింది. అయితే ఒకసారి వాహనమని, మరోసారి ఇతర వస్తువని, ఇంకోసారి సైకిలని మార్చి మార్చి లెక్క కట్టింది. అభిప్రాయం మారిన ప్రతిసారీ అంతవరకు గమనించిన కదలికను పక్కన పెట్టింది. కారులో పర్యవేక్షణకు ఉన్న ఉద్యోగి ఫోను చూస్తుండడమే ప్రధాన కారణమని దర్యాప్తు సంస్థ తేల్చినప్పటికీ, అదే నివేదికలోని మరో అంశం మనకు ముఖ్యం. నిర్ణీత స్థలంలో కాక వేరేచోట రోడ్డు దాటే పాదచారులుంటారన్న ఊహే ఆ వ్యవస్థలో లేదు. మన ప్రాంతంలో అలా దాటని వారెవరు? గీతలు గీసిన చోటే దాటుదామంటే ముందు గీతలు ఉండాలి కదా!

ఈ లోటు పూరించే ప్రయత్నం హైదరాబాద్‌లోనే జరగడం విశేషం. గచ్చిబౌలిలోని ట్రిపుల్ ఐటీ పరిశోధకులు హైదరాబాద్, బెంగళూరు నగరాల్లో, శివార్లలో వాహనంతో తిరిగి తీసిన 10 వేల చిత్రాలను 2018లో విడుదల చేశారు. వాటిలో 34 రకాల అంశాలకు గుర్తులు పెట్టారు. విదేశీ చిత్రాలతో శిక్షణ పొందిన యంత్రానికి తెలియని ఆటోకు అందులో ప్రత్యేక స్థానముంది. పశువులకూ ఉంది. అన్నిటికన్నా తెలివైన పని మరొకటి: తారు అంచు దాటాక ఉండే మట్టి నేలను రోడ్డు కాకున్నా బండి పోగల స్థలంగా వేరుచేశారు. శివారు కాలనీల్లో సగం రాకపోకలు సాగేది ఆ మట్టి మీదనే.

ఎల్బీనగర్ నుంచి మియాపూర్ వెళ్లే మెట్రో రైలు వేగాన్ని ఇప్పటికే స్వయంచాలక వ్యవస్థ నియంత్రిస్తోందని, ఇక్కడెందుకు కుదరదని కొందరు వాదించవచ్చు. మెట్రో పట్టాలపైకి ఎవరూ రారు, రోడ్డు అందరిదీ.

డ్రైవర్ల ఉపాధి దృష్ట్యా ఇటువంటి కార్లను దేశంలోకి అనుమతించబోమని కేంద్ర మంత్రి నితిన్ గడ్కరీ 2017లోనూ, 2023లోనూ ప్రకటించారు. ఆటోలు, క్యాబ్‌లపై ఆధారపడిన కుటుంబాలకు అది ఊరటే. కానీ ఇవే పరికరాలు డ్రైవర్‌ను హెచ్చరించే సాధనాలుగా ఇప్పటికే కార్లలో, కొన్ని ఆర్టీసీ బస్సుల్లో ప్రవేశించాయి. డ్రైవర్ ఉన్నా లేకున్నా, వానాకాలపు రాత్రి, వీధిదీపం వెలగని చోట, రోడ్డుకు అడ్డంగా నడిచే మనిషిని అవి ఎంత దూరం నుంచి గుర్తించాయో పరీక్షించి, ఆ ఫలితాలను తెలుగులో ప్రజల ముందుంచాలని రవాణా శాఖను కోరడం సమంజసం.