చిత్రావతి ఇసుక కింది ప్రవాహం: విస్తరణ సలహాల్లో దానికి చోటు ఉండాలి

పెన్నకు ఉపనది అయిన చిత్రావతి కర్ణాటకలోని చిక్కబళ్ళాపురం జిల్లా కొండ ప్రాంతంలో పుట్టి, బాగేపల్లి దాటి ఆంధ్రప్రదేశ్‌లో ప్రవేశిస్తుంది. పుట్టపర్తి మీదుగా సాగి బుక్కపట్నం, ధర్మవరం చెరువులకు నీరందిస్తుంది. అనంతరం పార్నపల్లి వద్ద చిత్రావతి సమతుల్య జలాశయాన్ని చేరి, గండికోట ప్రాంతంలో పెన్నలో కలుస్తుంది. ఉమ్మడి అనంతపురం జిల్లా సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మి.మీ. మాత్రమే. పరీవాహక ప్రాంతంలో ఎర్రనేలలు అధికం. వర్షాధారపు వేరుశనగ ప్రధాన పంట.

సంవత్సరంలో అధికకాలం ఈ ఏటిలో కనిపించేది ఇసుకే. అందువల్ల దీనిని ఎండిన నదిగా పరిగణించి, సాగు ప్రణాళికల నుండి తప్పించడం పరిపాటి అయింది. ఈ దృష్టి సరికాదు. వరద తగ్గిన తరువాత కూడా ఇసుక పొరలలో నీరు మందగతిన దిగువకు సాగుతూనే ఉంటుంది. పూర్వపు రైతులు ఏటి గర్భంలో ఊటకాలువలు త్రవ్వి, ఆ నీటిని వాలు ఆధారంగానే పొలాలకు మళ్ళించుకొన్నారు.

ఈ నిల్వ విలువను ఒక చిన్న లెక్క స్పష్టం చేస్తుంది. ఒక హెక్టారు ఏటి గర్భంలో మీటరు మందం గల ముతక ఇసుక నీటితో నిండి ఉన్నదనుకొందాం. అందులో 25 శాతం నీరు వెలికి వస్తుందని భావిస్తే 2,500 ఘనపు మీటర్లు లభిస్తాయి. ఇది ఐదు హెక్టార్ల వేరుశనగకు 50 మి.మీ. చొప్పున ఒక రక్షక తడికి సమానం. ఊడలు దిగే దశలోగాని, కాయ ఊరే దశలోగాని బెట్ట ఏర్పడినప్పుడు ఆ ఒక్క తడి దిగుబడిని నిలబెట్టగలదు. పైపొర ఇసుక అడుగు నీటిని ఆవిరి కాకుండా కాపాడుతుంది కూడా. కనుక ఇసుక తరలింపు వల్ల నిల్వ తరగడమే కాక, మిగిలిన నీటికి రక్షణ సైతం కొరవడుతుంది. ఏటి ఒడ్డున లోతైన బోర్లు పెరిగినకొద్దీ ఊట దిగువ గ్రామాలకు చేరదు.

బయటి నదుల నీరు కాలువల ద్వారా వస్తున్నందున ఈ చింత అనవసరమని కొందరి వాదన. ఆ నీటి మేలును కాదనలేము. అయితే చెరువులకు చేరిన నీరైనా చుట్టుపక్కల భూగర్భంలో ఇంకి నిలిచినప్పుడే కాలువ కట్టిన నెలలలోనూ బావులకు అక్కరకు వస్తుంది.

2002 నాటి నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం బోర్లను, ఇసుక త్రవ్వకాన్ని నియంత్రించే అధికారం కల్పించింది. కాని చట్టం ఒక్కటే చాలదు. ఎఫ్.ఏ.ఓ. సహకారంతో అనంతపురంతో సహా ఏడు జిల్లాలలో నడచిన రైతు నిర్వహిత భూగర్భజల వ్యవస్థల పథకంలో రైతులే బావుల మట్టాలు కొలిచి, రబీకి నీటి లెక్క వేసుకొన్నారు. ఆ పద్ధతిని ఏటి వెంట పునరుద్ధరించవలసి ఉన్నది.

మండలం వారీగా కాక, ఏటి ఎగువ, నడుమ, దిగువ భాగాల వారీగా పంటల సలహా రూపొందాలి. గ్రామీణ కృషి అనుభవ కార్యక్రమంలో పల్లెలలో నివసించే విద్యార్థులు ఒడ్డున ఉన్న బావుల మట్టాలను నమోదు చేసి, తరువాతి సంవత్సరపు విద్యార్థులకు అప్పగించవచ్చు. ఇందుకు కావలసినది ఒక కొలత టేపు, ఒక నమోదు పుస్తకం. ఆ అంకెలను చూసిన పిమ్మటనే రబీలో వరి వేయాలో, ఆరుతడి పంటలతో సరిపెట్టుకోవాలో విస్తరణ శాస్త్రవేత్త రైతుకు సూచించడం న్యాయం.