ముందు ఇల్లు... ఆ తర్వాతే ఏదైనా!

'ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు' అన్నారు పెద్దలు. ఇల్లు లేకుండా పిల్లల్ని పెంచి చూడమని మాత్రం ఎవరూ అనలేదు. అది ఇంకెంత కష్టమో వాళ్లకు తెలియక కాదు!

అద్దె కట్టలేక రోడ్డున పడ్డ కుటుంబం మళ్లీ కుదురుకోవాలంటే ఏం చేయాలి? 'ముందు ఏదో ఒక పని చూసుకోవాలి, నాలుగు డబ్బులు వెనకేసుకోవాలి... ఆ తర్వాతే ఇల్లు' అంటాం మనం. అమెరికాలోనూ చాలాకాలం ఇదే ఆలోచన. అదెంతవరకు నిజమో తేల్చుకుందామని అక్కడి గృహనిర్మాణ శాఖ 2010లో ఓ పెద్ద అధ్యయనం మొదలుపెట్టింది.

పన్నెండు ప్రాంతాల్లో షెల్టర్లలో తలదాచుకుంటున్న 2,282 కుటుంబాలను తీసుకున్నారు. వారిలో ఎక్కువమంది ఒకరిద్దరు పిల్లలున్న యువ తల్లులే. లాటరీ తీసినట్టు వాళ్లను నాలుగు బృందాలు చేశారు. మొదటి బృందానికి గడువంటూ లేని అద్దె సాయం. అంటే, రాబడిలో దాదాపు 30 శాతం ఆ కుటుంబం కట్టుకుంటే మిగిలింది ప్రభుత్వం భరిస్తుంది. రెండో బృందానికి ఏడాదిన్నర దాకా మాత్రమే అద్దె సాయం. మూడో బృందానికి రెండేళ్ల దాకా తాత్కాలిక వసతి, దాంతోపాటు 'బతకడం నేర్పే' సలహాలు, శిక్షణ. నాలుగో బృందానికి ప్రత్యేకంగా ఏమీ లేదు... షెల్టర్లో మామూలుగా దొరికే సాయమే.

మూడేళ్ల తర్వాత చూస్తే- మొదటి బృందంలో మళ్లీ నిలువనీడ లేకుండా పోయినవారు నాలుగో బృందంతో పోలిస్తే సగానికన్నా తక్కువ! అంతేనా... పిల్లలు బడులు మారడం తగ్గింది. తిండికి ఇబ్బంది తగ్గింది. తల్లుల మానసిక వేదన, ఇంట్లో వాళ్లు పడే హింస కూడా తగ్గాయి. వీటి గురించి వాళ్లకు ఎవరూ పాఠాలు చెప్పలేదు. ఇచ్చింది అద్దె సాయమే. సలహాలూ శిక్షణా అందుకున్న మూడో బృందంలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

అన్నీ లాభాలేనా అంటే కాదు. అద్దె సాయం పొందినవారిలో పనిచేసేవాళ్లు కాస్త తగ్గారు. ఖర్చూ మామూలు సాయంకన్నా దాదాపు 9 శాతం ఎక్కువైంది. కానీ షెల్టర్లూ ఉచితంగా నడవవు కదా! ఒక కుటుంబం అక్కడ ఎన్ని నెలలుంటే ప్రభుత్వానికి అంత ఖర్చు. అందుకే తేడా అంత తక్కువ.

మరి మన సంగతి? 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో ఇల్లన్నదే లేనివారు 17 లక్షలకు పైమాటే. నగరాల్లో లక్ష జనాభాకో షెల్టరు ఉండాలని సుప్రీంకోర్టు 2010లోనే చెప్పింది. షెల్టరుంటే చలికీ వానకీ తల దాచుకోవచ్చు, ప్రాణం నిలుస్తుంది. కానీ బిడ్డను బడిలో వేయడానికి, గ్యాసు కనెక్షన్‌కి, బ్యాంకు ఖాతాకి... అన్నిటికీ ఒక చిరునామా కావాలి.

మన దగ్గర పేదలకు ఇల్లంటే స్థలం, పట్టా, పునాది, బిల్లు. ఇందిరమ్మ ఇళ్లయినా, డబుల్ బెడ్‌రూమ్ ఇళ్లయినా సొంతింటి మాటే. అద్దె సాయం గురించి పెద్దగా వినం. సొంతిల్లు రావాల్సిందే, కాదనేవారెవరు? కానీ జాబితాలో పేరొచ్చి, గోడలు లేచి, తాళం చేతికొచ్చేదాకా ఆ పిల్లలు ఎక్కడ పడుకోవాలి?